పెద్ద ఇంజను, సన్న బోదె

నా చిన్నప్పుడు ఒక ఏడాది కాలవకు నీళ్లు ఆలస్యమై, గూడూరు దగ్గర మా నారుమడి ఎండిపోసాగింది. పొలం పక్క బోదెలో, అంటే పిల్లకాలవలో, సన్నగా వచ్చే నీళ్లే దిక్కు. మా చిన్న ఆయిల్ ఇంజనుతో వాటిని తోడుతుంటే మా బాబాయికి ఓపిక చాలలేదు. "రెట్టింపు గుర్రాల బలమున్న ఇంజను కొంటే సగం పూటలో మడి తడిసిపోద్ది నాన్నా" అని రోజూ గొడవ.

మా తాతయ్య వాదించలేదు. పెద్ద ఇంజనొకటి ఆ ఒక్కరోజుకు అద్దెకు తెప్పించి బోదె పక్కన దింపించాడు. నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, గొట్టం గాలి పీల్చినప్పుడల్లా కేకెయ్యమన్నాడు.

కాసేపట్లోనే బోదె అడుగు కనిపించింది. గొట్టం గురగురమంది. నేను కేకేశాను. ఇంజను ఆపి, నీళ్లు చేరేదాకా అందరూ కూర్చున్నారు. మళ్లీ తిప్పారు, మళ్లీ కేకేశాను. పొద్దుగూకేసరికి నా గొంతు బొంగురుపోయింది గానీ, మడి తడిసింది రోజూ తడిసినంతే. "నీళ్లొచ్చేది బోదెలోంచిరా, ఇంజనులోంచి కాదు" అన్నాడు తాతయ్య, బాబాయితో. మర్నాడు బోదెలో పూడిక తీయించాడు. మా చిన్న ఇంజనే నారును బతికించింది.

ఇప్పుడు పెడనలో మా మనవరాలు కలంకారీ డిజైన్లు కంప్యూటర్లో గీసి, కొనేవాళ్లకు నెట్‌లో పంపుతుంది. బొమ్మ పెద్దదైతే వెళ్లేసరికి ఒక పూట పడుతుంది. ఈలోగా ఆర్డరు ఇంకొకరికి పోతుంది. బందరులో కంప్యూటర్ల షాపువాడు రెట్టింపు ధర కంప్యూటరు చూపించి, పనీ రెట్టింపు చేస్తుందన్నాడట.

"ఎక్కడ ఆగుతోందే? గీసేటప్పుడా, పంపేటప్పుడా?" అన్నాను, ఆ ఇంజను సంగతి గుర్తుచేస్తూ.

"పంపేటప్పుడే. కొత్తది కొంటే అన్నీ ఫాస్టే అమ్మమ్మా. నీ పాతకాలపు ఇంజన్లతో పోల్చకు."

"ఏడాది ఆగితే అదే కంప్యూటరు ఇంకా తక్కువకొస్తుంది. ముందు ఆ నెట్ సంగతి చూడు."

"ఏడాది ఆగితే నాకు ఆర్డర్లే ఉండవు!"

కొనేసింది. బొమ్మ రెప్పపాటులో తెరుచుకుంటోంది, నిజమే. పంపబోతే మాత్రం తెర మీద అదే చక్రం, అదే తిరుగుడు. మొన్న పెద్ద ఆర్డరు ఒకటి చేజారిపోయింది. మంచి నెట్ లైను వేయించుకోవే అంటే, ఉన్న డబ్బంతా దీనికే అయిపోయిందని తల వంచుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఏ వస్తువు ధర విన్నా, పని ఆగే చోటు ఎక్కడని వెతకడం నాకు ఆ బోదె గట్టు మీద కూర్చున్న రోజు నుంచే అలవాటు. ఆ చోటు కనిపిస్తుంది కూడా. కానీ వాదించకుండా ఎదుటివాళ్లకు చూపించే తాతయ్య ఓపిక మాత్రం నాకు అబ్బలేదు. నేను అరుస్తాను, వాళ్లు కొనేస్తారు.