కాఫీ తాగినంతసేపూ ఆగని ఇంజను

రెయినో మాట్టిలా కారు మొట్టమొదట వణికింది మా చర్చి వంటగది కిటికీ ముందే. నేను ఆ కిటికీ దగ్గర నిలబడి బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను. బయట నడుము లోతు మంచు. తాళం తిప్పగానే ఆ కారు చలిజ్వరం వచ్చినట్టు గజగజలాడింది, ఒకసారి తుమ్మింది, తర్వాత ఏమీ ఎరగనట్టు మామూలుగా నడవడం మొదలుపెట్టింది. రెయినో దిగి, ముందు రేకు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు, పిల్లాడి నుదురు చూసినట్టు.

"దానిక్కూడా ఒళ్ళు నొప్పులేమో!" అన్నాను కిటికీ తీసి.

"నాకంటే ఎంతో చిన్నది టీచరమ్మా. అప్పుడే నొప్పులేంటి?" అన్నాడు దిగులుగా.

రెయినో గురించి కాస్త చెప్పాలి. అమెరికా ఉత్తరపు అంచున ఉన్న మా ఊళ్ళో రాగి గనులు మూతపడ్డాక మిగిలినవాళ్ళలో వాళ్ళ నాన్న ఒకడు. ఫిన్లండు నుంచి వచ్చినవాళ్ళకి పట్టుదల ఎక్కువ అంటారు గానీ, రెయినోకి ఉన్నది పట్టుదల కాదు, నిదానం. ఉద్యోగం చేసినన్నాళ్ళూ రోడ్ల శాఖలో మంచు తోసే లారీ నడిపాడు. ఆ లారీ ఎంత మెల్లగా పోతుందో ఆయన సొంత కారూ అంత మెల్లగానే పోతుంది. జూలై నెలలో, ఎండలో, ఖాళీ రోడ్డు మీద కూడా అంతే. ఆయన వెనక ఇరుక్కున్నవాళ్ళు ముందుకి పోలేక చేతులు ఊపేవాళ్ళు. పలకరిస్తున్నారనుకుని ఆయనా ఊపేవాడు.

భార్య ఇల్మా పోయాక ఆ మనిషి ఇంట్లోంచి బయటికి రావడం మానేశాడు. ఫిన్లండు వాళ్ళు ఎన్నడూ మానని శనివారం ఆవిరి స్నానానికి కూడా పొయ్యి వెలిగించడం లేదని తెలిసి, మా వంటగది పెద్ద లెంపి ఒక రోజు వాళ్ళింటికెళ్ళి, "లే, కోటు వేసుకో. ముసలివాళ్ళకి భోజనాలు చేర్చడానికి మనిషి కావాలి" అని లాక్కొచ్చింది. అదిగో, ఆ రోజు నుంచి ఆయనకి మళ్ళీ ప్రాణం వచ్చింది. మేము వండి డబ్బాల్లో సర్దుతాం, ఆయన గడప దాటలేని వాళ్ళ ఇళ్ళకి పట్టుకెళ్తాడు. భోజనం ఒక్కటే కాదు, మనిషి కూడా వెళ్ళాలి కదా, అదీ ఆయన పని. బల్బు మారుస్తాడు, పిల్లికి పాలు పోస్తాడు, కాఫీ తాగుతాడు.

కాఫీ సంగతి జాగ్రత్తగా వినండి. మా ఊళ్ళో ఎవరింటికి వెళ్ళినా కాఫీ వద్దనకూడదు. మొదటిసారి వద్దనాలి, అది మర్యాద. రెండోసారి కూడా నసగాలి. ఆ తర్వాత కోటు విప్పి కూర్చోవాలి. ఏలకుల రొట్టె ముక్క తినకుండా లేస్తే ఆ ఇంటావిడ వారం రోజులు బాధపడుతుంది. రెయినోకి ప్రతి ఇంట్లోనూ ఇది తప్పదు.

ఆ చలిజ్వరం రోజురోజుకీ ముదిరింది. చివరికి ఒక పొద్దున హెల్మీ ముసలమ్మ ఇంటి ముందు కారు ఆగిపోయి, మళ్ళీ కదల్లేదు. వెనక సీటులో డబ్బాలన్నీ చల్లారిపోయాయి. ఆ రోజు సగం మంది చల్లటి పాస్టీలు తిన్నారు. పాస్టీ అంటే మాంసం, బంగాళాదుంప పెట్టి కాల్చిన పెద్ద కజ్జికాయ లాంటిది. చల్లారితే పాత చెప్పు అట్టలా గట్టిపడుతుంది.

లెంపి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "రెయినో, నీమీద నాకు కోపం లేదు. కానీ ఆకలితో ఉన్నవాళ్ళకి నీ కారు కథ చెప్పలేను. ఇంకోసారి ఆగిందా, పట్నం నుంచి వ్యాను పిలిపిస్తా."

ఆ వ్యాను సంగతి అందరికీ తెలుసు. వారానికోసారి వస్తుంది, గడ్డకట్టించిన భోజనాలు గుమ్మంలో పెట్టి, గంట కొట్టి పోతుంది. డ్రైవరు మొహం కూడా ఎవరూ చూడరు. రెయినో టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ పని పోతే ఆ మనిషి మళ్ళీ ఆ ఇంట్లోనే కూర్చుండిపోతాడని నాకు భయం పట్టుకుంది.

ఇక సలహాలు మొదలయ్యాయి. ఇల్మా తమ్ముడు సూలో ఒక సీసా తెచ్చి పెట్రోలు ట్యాంకులో గుమ్మరించాడు. "చూడు బావా, ఇది లోపలున్న మసినంతా కడిగి పారేస్తుంది" అన్నాడు. కారు వణికింది. ఇంకో సీసా పోశాడు. ఇంకా వణికింది. చర్చిలో ఒకాయన ఖరీదైన పెట్రోలు పొయ్యమన్నాడు. ఇంకొకాయన అసలు ఏదీ పొయ్యొద్దు, ప్రార్థన చెయ్యమన్నాడు. రెయినో అన్నీ చేశాడు.

ఆఖరికి కార్లు బాగుచేసే డువేన్ షెడ్డుకి తీసుకెళ్ళాం. మేము అంటే నేనూ వెళ్ళాను, ఊరుకోలేక. డువేన్ ఇంజను లోపలికి సన్నటి గొట్టం కెమెరా దూర్చి మాకు తెర మీద బొమ్మ చూపించాడు. గాలి లోపలికి పోయే వాల్వుల వెనక వైపు, అడుగంటిన గిన్నెలా నల్లగా, పెచ్చులు పెచ్చులుగా పేరుకుని ఉంది.

"ఇదేంటయ్యా? రెండు సీసాలు పోశాం కదా!" అన్నాడు సూలో.

"పోశారు. అది ఇక్కడికి రాదు" అన్నాడు డువేన్. "పాత ఇంజన్లలో పెట్రోలు ఈ వాల్వుల మీద నుంచే పోయేది. పోతూ పోతూ కడిగేది. ఈ కొత్త రకంలో పెట్రోలుని నేరుగా సిలిండర్లోకే చిమ్ముతారు. వాల్వుకి స్నానం లేదు. ఇంజనాయిల్ ఆవిరి మాత్రం గాలితోపాటు వచ్చి దీని మీద పడుతుంది, వేడికి మాడుతుంది."

"అంటే వంటింటి పైకప్పుకి జిడ్డు పట్టినట్టు" అన్నాను.

"దాదాపు అంతే టీచర్."

"మరి కొత్త రకం ఎందుకు చేశారు?" అన్నాడు రెయినో.

"పెట్రోలు తక్కువ తాగుతుందని."

"నేను ఎలాగూ మెల్లగానే పోతాను కదా!"

డువేన్ అక్రోటు పెంకుల పొడిని గాలితో జోరుగా కొట్టి ఆ మసిని రాల్చేశాడు. వాల్వులు కొత్త చెంచాల్లా మెరిశాయి. రెయినో మాత్రం సంతోషపడలేదు. "ఇది మళ్ళీ పట్టకుండా ఏం చెయ్యాలి? అది చెప్పు" అన్నాడు.

డువేన్ మెడ గోక్కున్నాడు. "అసలు పట్టకుండా అంటే నేను మాటివ్వలేను. ఆలస్యంగా పట్టేలా చూసుకోవచ్చు. మంచి ఆయిల్ వాడు, త్వరగా మారుస్తూ ఉండు. ఇంజను బాగా వేడెక్కేలా అప్పుడప్పుడూ కాస్త గట్టిగా, దూరం నడుపు. కొందరు ఆయిల్ ఆవిరిని పట్టుకోవడానికి మధ్యలో ఒక డబ్బా బిగిస్తారు. కొందరు దండగంటారు. నీ కారు రోజుకి ఎంతసేపు నడుస్తుంది?"

"పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా ఇంజను ఆపనే ఆపను" అన్నాడు రెయినో కాస్త గర్వంగా.

"అయితే మంచిదే" అన్నాడు డువేన్. ఆ సమాధానం విని ఇద్దరూ తృప్తిపడ్డారు. నేనూ పడ్డాను.

సూలో చెవిలో మాత్రం డబ్బా అన్న మాట ఒక్కటే పడింది. మర్నాడే ఎక్కడి నుంచో ఒకటి తెచ్చి, తనే గొట్టాలు కోసి బిగించాడు. "ఇక ఒక్క చుక్క ఆవిరి కూడా వాల్వు దాకా పోదు బావా. కావలివాణ్ణి పెట్టేశా!"

ఆ వారంలోనే ఉత్తరం నుంచి చలిగాలి దిగింది. కనురెప్పలు అతుక్కుపోయే చలి. రెయినో హెల్మీ ఇంట్లో కూర్చుని, రెండో కప్పు పోయించుకుంటున్నాడట. హెల్మీకి తొంభై దాటాయి, ఆయన్ని ఇంకా అబ్బాయ్ అనే పిలుస్తుంది. ఆవిడ కిటికీలోంచి చూసి, "ఒరే అబ్బాయ్, నీ కారు నల్లగా కక్కుతోందిరా" అంది.

బయటికి పరిగెత్తి చూస్తే తెల్లటి మంచు మీద నల్లటి నూనె. ఆవిరిలో నీరు కూడా ఉంటుంది కదా, అది డబ్బాలో పేరుకుని గడ్డకట్టి దారి మూసేసింది. ఇంజను లోపలి ఆవిరి పోవడానికి దారి లేక, ఆయిల్ ఎంతుందో చూసే పుల్లని పైకి తన్నేసింది, ఆ కన్నంలోంచి నూనె చిమ్మింది. రెయినో ఇంజను ఆపేసి నాకు ఫోన్ చేశాడు. మిగతా భోజనం డబ్బాలు నా కారులోకి మార్చుకుని ఇద్దరం పంచి వచ్చాం.

సూలో వచ్చి ఆ మంచుని చూసి, "డబ్బా పని చేసింది బావా! వాల్వు దాకా ఒక్క చుక్క పోలేదు, అంతా బయటికే వచ్చింది!" అన్నాడు.

"నోరు మూసుకుని పార తీసుకురా" అన్నాడు రెయినో. ఆయన అంత పెద్ద మాట అనగా నేను వినడం అదే మొదటిసారి.

డువేన్ డబ్బా పీకేసి, గొట్టాలు పాత పద్ధతిలో కలిపి, ఆయిల్ పోశాడు. అదృష్టం, ఇంజనుకేమీ కాలేదు. అప్పుడు డువేన్ కారులోకి వంగి మైళ్ళు చూశాడు. మళ్ళీ చూశాడు. "రెయినో, ఇది నిజమేనా? రోజంతా నడిచే కారుకి ఇన్ని తక్కువ మైళ్ళేంటి? ఎక్కడికెళ్తావు నువ్వు?"

"హెల్మీ ఇంటికి. తర్వాత పక్క వీధికి. తర్వాత కొండ మీదికి."

"మరి మధ్యాహ్నం దాకా ఇంజను..."

అప్పుడు నాకు తట్టింది. పొద్దున ఆయనతో ప్రతి ఇంట్లోనూ కూర్చుని నేనూ కాఫీ తాగాను కదా! "కాఫీ, డువేన్! ఈయన లోపల కాఫీ తాగుతాడు, కారు బయట నడుస్తూ ఉంటుంది!"

"ఆపితే భోజనాలు చల్లారవూ?" అన్నాడు రెయినో అమాయకంగా. "మంచు లారీ కూడా డ్యూటీ అయ్యేదాకా ఎప్పుడూ ఆపలేదు నేను."

డువేన్ పనిముట్టు కింద పెట్టి నవ్వాడు. "అది డీజిల్ లారీ అయ్యా, కొండని తోసేది. ఇది నిలబడి గొణుక్కుంటోంది. సరిగ్గా వేడెక్కదు, ఆవిరి మాత్రం పీలుస్తూనే ఉంటుంది. నీ వాల్వులకి పట్టింది మసి కాదు, మన ఊరి మర్యాద."

"అయితే ప్రతి ఇంటి దగ్గరా ఆపేస్తాను."

"చల్లారిన ఇంజనుని పదిసార్లు స్టార్టు చేస్తావా? అదీ అంత మంచిది కాదు."

"ఆపొద్దు, నడపొద్దు. మరేం చెయ్యను? ఎత్తుకుని తిరగనా?"

నిజం చెప్తున్నా, నాకూ తల తిరిగింది. చివరికి లెంపి ముందు కూర్చున్నాం. ఆ రోజు భోజనాలు ఆగలేదు కాబట్టి ఆవిడ వ్యాను పిలవలేదు; అంతా విని, అర్థమైందో లేదో గానీ, తేల్చేసింది. "ముందు భోజనాలన్నీ ఇచ్చెయ్. గుమ్మంలో పలకరించు, కూర్చోకు. కాఫీ ఆఖరి ఇంట్లో ఒక్కచోటే, ఇంజను ఆపి. తర్వాత హైవే మీద దూరం పోయి రా. రోజుకొకరిది ఆఖరి ఇల్లు. వసంతం దాకా చూస్తాను. ఈలోగా ఒక్కరోజు ఆగినా వ్యానే."

మొదటి రోజే గొడవైంది. హెల్మీ గుమ్మంలో డబ్బా అందుకుని, కప్పు చేత్తో పట్టుకునే ఉంది. "లోపలికి రావా? ఏం చేశాన్రా నేను?"

"నువ్వు కాదు హెల్మీ, గాలి వాల్వులు. వాటి వెనక..."

"నా కాఫీకీ నీ వాల్వులకీ ఏంట్రా సంబంధం?"

రెయినో మొదలుపెట్టాడు. ఆవిరి అన్నాడు, స్నానం లేదన్నాడు, జిడ్డు అన్నాడు. చెబుతున్న కొద్దీ ఆయనకే దారి తప్పింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాంతో భయపడి, "రేపు నీదే ఆఖరి ఇల్లు. కాఫీ తాగి, నిన్ను కూడా కారులో తిప్పుతా" అనేశాడు.

హెల్మీ గడప దాటి చాలా కాలమైంది. ఆసుపత్రికి తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు. మర్నాడు మేము వెళ్ళేసరికి కోటు, టోపీ, రెండు శాలువలు వేసుకుని, ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో సిద్ధంగా ఉంది! ఇద్దరం చెరో చెయ్యీ పట్టి ముందు సీట్లో కూర్చోబెట్టాం. నేను వెనక కూర్చున్నాను. పెద్ద సరస్సు పక్కన హైవే ఎక్కాక రెయినో మామూలుగానే, మంచు తోస్తున్నట్టే పోతున్నాడు.

"ఏంట్రా, శవాన్ని తీసుకెళ్తున్నావా?" అంది హెల్మీ. "తొక్కు!"

"డువేన్ కూడా కాస్త గట్టిగా నడపమన్నాడు" అన్నాను.

రెయినో స్టీరింగు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, తొక్కాడు. ఇంజను గొంతు మారింది. ఒక పెద్ద కట్టెల లారీని దాటేశాం. ఆయన జన్మలో ఒకరిని దాటడం అదే మొదటిసారి అనుకుంటా. దాటుతూ ఆ లారీవాడికి చెయ్యి కూడా ఊపాడు. హెల్మీ గడ్డకట్టిన సరస్సుని చూస్తూ కేరింతలు కొట్టింది. ఫ్లాస్కులో కాఫీ సగం శాలువ మీదే పడింది.

ఆ తర్వాత ఆఖరి ఇల్లు ఎవరిదన్న దాని మీదే తగువులు. కారు షికారు కోసం ఇళ్ళల్లో పాత టోపీలు బయటికొచ్చాయి. కారు ఒక్కరోజు కూడా ఆగలేదు.

మంచు కరిగాక డువేన్ మళ్ళీ కెమెరా దూర్చి చూశాడు. వాల్వుల మీద పలచటి గోధుమ రంగు పొర, అంతే.

"దేనివల్ల తగ్గింది?" అన్నాడు రెయినో. "ఆయిల్ మార్చినందుకా? ఇంజను ఆపినందుకా? గట్టిగా తొక్కినందుకా?"

"తెలీదు. అన్నింట్లో ఏదో ఒకటి. లేదా అన్నీ."

"సూలో ఇంకో సీసా కూడా పోశాడు, నీకు చెప్పలేదు."

"అది మాత్రం కాదు" అన్నాడు డువేన్. కెమెరా గొట్టం చుడుతూ, "కాదనుకుంటా" అన్నాడు.

రెయినో ఆలోచించి ఆలోచించి, ఏది మానేస్తే ఏమవుతుందో తెలియదు కాబట్టి ఏదీ మానకూడదని నిర్ణయించుకున్నాడు. ఆ మాటే లెంపికి చెప్పాడు. లెంపి వ్యాను వాళ్ళ ఫోన్ నంబరు రాసి అంటించిన కాగితం గోడ మీంచి పీకి, దాంతో బల్ల మీది పిండి తుడిచింది. తర్వాత ఏప్రన్ విప్పుతూ, "రేపు ఆఖరి ఇల్లు ఎవరిది?" అంది.

"నిర్ణయించలేదు. ఏం?"

"ఏం లేదు. వెనక సీటు ఖాళీయేనా అని."