దుమ్ముగూడెం మోటరు వెనక్కి తిరిగిన శుక్రవారం

కంటికి కనబడని కరెంటుకు కూడా ఒక దారి, ఒక వరస పెట్టిన అల్లాహ్‌కే సకల స్తుతి. నా తప్పును నా ముఖం ముందే నిలబెట్టి, అయినా నా చేతిలో పని ఉంచిన ఆయనకే నా కృతజ్ఞత. ఆయన ప్రవక్తకు శాంతి కలుగుగాక.

మాది ఖమ్మంలో ఎప్పటినుంచో ఉంటున్న పనివాళ్ల కుటుంబం. నాన్న మోటర్లకు వైండింగు చేసేవాడు. పొద్దున మసీదులో ఖురాన్ పాఠం, తర్వాత నాన్న షాపులో రాగితీగ, ఈ రెండూ నా చదువు. ఇప్పుడు నేను ట్రాన్స్‌ఫార్మర్ల పని చేస్తాను. మూడు సింగిల్ ఫేజు ట్రాన్స్‌ఫార్మర్లను ఒక దిమ్మె మీద పక్కపక్కన పెట్టి, మూడు ఫేజుల కరెంటు వచ్చేలా కలుపుతాము. దాన్ని బ్యాంకు అంటాము. అందులో రెండు తీగలు అటుది ఇటైతే లైట్లు మామూలుగానే వెలుగుతాయి. మోటర్లు మాత్రం వెనక్కి తిరుగుతాయి.

దుమ్ముగూడెం దగ్గర గోదావరి ఒడ్డున రైతులు కలిసి నడుపుకునే ఎత్తిపోతల మోటరు ఒకటి ఉంది. దాని బ్యాంకులో ఒక ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మిర్చి కాత మీద ఉంది, నీళ్లు ఆగితే కాయ నిలవదు. నన్ను పిలిపించారు. నేను వెళ్లింది శుక్రవారం.

ఆ మోటరును చూసుకునేది ఒక పెద్దాయన. ఊళ్లో అందరికీ మామ, నాకూ మామే. నన్ను అల్లుడా అని పిలిచేవాడు. సబ్‌స్టేషన్ వాళ్లు లైను ఆపాక, ఎర్తింగు కట్టుకుని దిమ్మె ఎక్కాను. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కూర్చోబెట్టి పైకి చూస్తే, లైను నుంచి కిందికి దిగే తీగల్లో రెండు ఒకదాని మీదుగా ఒకటి దాటి ఉన్నాయి.

"ఎవడో కండ్లు మూసుకుని కట్టిండు మామా" అని నవ్వాను.

"అది మొదటి నుంచి గట్లనే ఉన్నదయ్యా."

"మొదటి నుంచి ఉంటే తప్పు ఒప్పయితదా?"

రెండు తీగలూ విప్పి, దేని దారిలో దాన్ని తిన్నగా కట్టాను. లైను వచ్చాక ఫేజులు ఏ వరసలో వస్తున్నాయో చూపించే చిన్న మీటరు పెట్టాను. అందులోని బిళ్ల బాణం గుర్తు వైపే తిరిగింది.

"చూడు మామా, నమాజులో నిలబడ్డ వరసలెక్క ఉన్నది" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలతాయి.

మామ మీటరు చూశాడు, మోటరు చూశాడు. "కప్లింగు ఇప్పి ఒక్క దెబ్బ కొట్టి చూద్దామా అల్లుడా?" అన్నాడు.

మా పనిలో అది పాత పద్ధతి. మోటరుకూ, కింద బావిలోకి దిగే పొడుగాటి షాఫ్టుకూ మధ్య ఉన్న జోడు విప్పేసి, బటన్ నొక్కి వెంటనే ఆపేస్తారు. మోటరు ఎటు తిరిగిందో కంటితో చూసుకుంటారు. ఆ షాఫ్టు ముక్కలన్నీ మరలతో బిగించినవి. మోటరు ఎదురు తిరిగిందంటే ఆ మరలు వాటంతట అవే ఊడిపోతాయి. ఈ సంగతి నాకు తెలుసు. బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. నేను సారపాకలో మా అత్తగారింటికి పోయి, స్నానం చేసి, జుమా నమాజు అందుకోవాలి.

"మీటరు చెప్పినాక ఇంక బోల్టులెందుకు మామా? నా మీద నమ్మకం లేదా?"

"అట్లంటవేంది! నువ్వు దేవుని మనిషివి. పో, జల్దీ పో, నమాజు తప్పుతది. మోటరు నేను చాలు చేసుకుంట."

వెళ్లాను. తెల్లబట్టలు కట్టుకుని, అత్తరు రాసుకుని, మొదటి వరసలోనే నిలబడ్డాను. ఆ రోజు ఇమామ్ గారు ఏం బోధించారో నాకు గుర్తు లేదు. నేను తిన్నగా కట్టిన ఆ రెండు తీగలు ఎంత అందంగా ఉన్నాయో తలుచుకుంటూ కూర్చున్నాను.

సామాను అక్కడే వదిలేశానని ఆ బట్టల్లోనే తిరిగి వచ్చాను. మోటరు షెడ్డు దగ్గర రైతులందరూ ఉన్నారు. మోటరు ఆగి ఉంది. కప్లింగు విరిగి పక్కకు ఒరిగింది. షాఫ్టు ఊడి బావిలోకి జారింది. రైతుల సంఘం పెద్ద, ఎన్నడో గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కున్న రైతు, మామ మీద అరుస్తున్నాడు.

"నీళ్లు రావట్లేదని తెలుస్తుంటే ఆపొద్దా బాబాయ్? కళ్లజోడు ఇంట్లో పెట్టి వచ్చావా?"

"ఒండ్రు పట్టిందేమో, నీళ్లు తీసుకుంటదిలే అని జర చూసిన" అన్నాడు మామ.

"ఇగ మనవళ్లను ఆడించుకో పో మామా. వాళ్లయితే వెనక్కి తిరిగినా ఏం గాదు" అని ఇంకెవరో అన్నారు. నవ్వారు.

నేను స్టార్టరు డబ్బా తెరిచాను. లోపల రెండు తీగలు దాటించి కట్టి ఉన్నాయి. వాటి మీది టేపు ఎండి బెరడులా అయింది. పైన ఒకరు తీగలు దాటిస్తే, మోటరు సరిగ్గా తిరగడం కోసం ఇంకెవరో ఎప్పుడో కింద కూడా దాటించారు. రెండూ కలిసి ఇన్నేళ్లూ పొలాలకు నీళ్లిచ్చాయి. నేను పైది మాత్రమే సరిచేశాను.

సంఘం పెద్ద నా వైపు తిరిగాడు. "సాయిబుగారూ, మీరు మీటరు పెట్టి చూశారటగా? మీ పనిలో తేడా లేదుగా?"

"మీటరు కరెక్టే చూపించింది" అన్నాను.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. చిన్నప్పటి నుంచి సాక్ష్యం గురించి, అమానతు గురించి, అంటే మనల్ని నమ్మి అప్పగించినదాన్ని కాపాడటం గురించి పాఠాలు విన్న నోటి నుంచి మొదట వచ్చిన మాట అది. అందరూ తలలూపి మళ్లీ మామ వైపు తిరిగారు. ఆయన మొలతాడుకు కట్టుకున్న షెడ్డు తాళంచెవి విప్పి సంఘం పెద్ద చేతిలో పెట్టాడు. నా పక్క నుంచి పోతూ ఆగాడు.

"నమాజు అందిందా అల్లుడా?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగాడు.

అప్పుడు చెప్పాను. పైన నేను తీగలు మార్చిన సంగతి, కప్లింగు విప్పి చూద్దామని మామ అడిగిన సంగతి, నేను వినకుండా పోయిన సంగతి. అందరికీ వినబడలేదని మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

నన్ను తిడతారనుకున్నాను. "పోన్లెండి, భక్తి ఉన్న మనిషి కాబట్టి ఒప్పుకున్నారు. ఇంకొకడైతే ముసలాయన మీదే తోసేవాడు" అన్నాడు సంఘం పెద్ద. కాసేపటి క్రితం నేను చేసింది అదేనని ఆయనకు తెలియదు. నా ఒంటి మీద అత్తరు వాసన నాకే సహించలేదు.

ఆయన తాళంచెవి మామకు తిరిగి ఇవ్వబోయాడు. మామ చెయ్యి చాపలేదు.

"నాకొద్దయ్యా. సాయిబు చెప్పకుంటే నేను గుడ్డోన్నే కద మీకు? ఇన్నేండ్లు చూసినోళ్లు ఒక్కమాట అడగకపోతిరి."

చైను కప్పీతో షాఫ్టు పైకి లాగి, కొత్త జోడు వేసి, స్టార్టరులోని తీగలను కూడా తిన్నగా కట్టి, ఈసారి ఒక్క దెబ్బ కొట్టి చూసుకుని బిగించాము. నా చేతులతో నేనూ లాగాను. నీళ్లు వచ్చాయి. కాలవ చివరి చేలల్లో మిర్చి అప్పటికే వాడింది. నీళ్లు చూడటానికి మామ రాలేదు. తర్వాత వాళ్లింటికి వెళ్లి క్షమించమని అడిగాను. "ఏందయ్యా పెద్ద మాటలు" అన్నాడు. చాయ్ ఇప్పించాడు, పిల్లల చదువు అడిగాడు. మోటరు మాట మాత్రం తీయనివ్వలేదు.

ఇది చదివే మీరు చేతులు చాపేవారైనా, జోడించేవారైనా, ఒక్క క్షణం నాతో పాటు అడగండి. ఆ పెద్దాయన మనసుకు తగిలిన దెబ్బను ప్రభువు మాన్పాలని. తన ఊళ్లో తల ఎత్తుకునే ఆయన మళ్లీ తిరగాలని. నిజమైన మాట చాటున దాక్కునే నా నాలుకను ఆయన పట్టి ఉంచాలని. నేను సజ్దాలో నేలకు నుదురానించి అడుగుతున్నాను, మీరు ఆమీన్ అనండి.