ఇసుకలో పాతిన చేపలు

గుడివాడలో ఎండుచేపల కొట్టాయన ఆ రోజు గంప మూత కూడా తీయనివ్వలేదట. "అమ్మా, మీ ఊళ్ళో చేపల్ని ఇసుకలో పాతిపెడతారట కదా? మా బావమరిది నెట్‌లో చూశాడు. ఇసుక చేపలు మాకొద్దు," అన్నాడట. మా తోటికోడలు గంప అలాగే ఎత్తుకుని, బస్సెక్కి, బందరులో నేనుండే ఇంటికొచ్చి వాకిట్లో దించింది. మంచినీళ్ళిస్తే తాగలేదు.

"అక్కా, నువ్వు చదువుకున్నదానివి. ఆ మాట తీయించెయ్. ఇవాళ నా గంప తిప్పి పంపాడు, రేపు ఊరందరి గంపలూ తిప్పి పంపుతాడు."

నా చదువు సంగతి చెప్పాలి. పెద్దవాళ్ళకి అక్షరాలు నేర్పుతున్నారని ఊళ్ళోకి పలకలొచ్చిన రోజుల్లో, పిల్లల పెళ్ళిళ్ళు కూడా చేసేశాక, బడి అరుగు మీద కూర్చుని నేర్చుకున్నాను. చాలామంది సంతకం దగ్గర ఆగిపోయారు. నాకు మాత్రం దురద పట్టుకుంది. పొట్లం కాయితం, బస్సు వెనకాల రాత, మందు సీసా మీద రాత, ఏది కనబడితే అది చదవాల్సిందే. మా తోటికోడలు మధ్యాహ్నం కునుకు పోతుందని రాలేదు. అందుకని ఆవిడ లెక్కలో నేను కలెక్టర్ని.

మాది దివిసీమ చివర, హంసలదీవి పక్కన చిన్న పల్లె. మోకాళ్ళు మొరాయించాక నేను గంప దించేసి బందరు చేరాను. కింది వాటాలో ఒక సాయిబు గారు ఇంటర్నెట్ సెంటరు నడిపేవారు. నేను తమ్ముడూ అంటాను, ఆయన అక్కా అంటారు. కుర్చీ ఖాళీగా ఉంటే నన్ను కూర్చోబెట్టేవారు. అక్కడే తెలిసింది, తెలుగులో ఒక విజ్ఞాన సర్వస్వం ఉందనీ, దాన్ని ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అనీ. ఎవరైనా అంటే నేను కూడానా అని అడిగాను. "మీకేం తక్కువక్కా," అని నా పేరున ఒక ఖాతా తెరిచి ఇచ్చారు.

మా ఊరి పేజీ తీస్తే నిజంగానే ఉంది. "ఈ గ్రామంలో చేపలను మూడు రాత్రులు ఇసుకలో పాతిపెట్టి నిల్వ చేస్తారు." మా ఊళ్ళో చేపని ఇసుక తాకనివ్వం. వల పరిచి దాని మీద ఆరబెడతాం. ఇసుక తగిలిన చేప పంటి కింద కరకరలాడితే మళ్ళీ మొహం ఎవరు చూస్తారు? ఆ వాక్యం మొత్తం చెరిపేసి పైకొచ్చి టీ పెట్టుకున్నాను.

టీ అయ్యేలోపే కింది నుంచి కేక. "అక్కా, తిరిగొచ్చేసింది!"

"ఏంటి తమ్ముడూ?"

"మీ ఇసుక."

మళ్ళీ చెరిపాను. మళ్ళీ వచ్చింది. ఈసారి దానితోపాటు, దాన్ని తిరిగి పెడుతున్న పెద్దమనిషెవరో నాకో ఉత్తరం కూడా రాశాడు. "మూలం ఉన్న వాక్యాన్ని కారణం చెప్పకుండా తొలగిస్తున్నారండి. దయచేసి చర్చ పేజీలో రాయగలరు. మీరు చెప్పేదానికి మూలం ఏమిటి?"

చేపలమ్మిన మనిషిని అడగకూడని ప్రశ్న అదొక్కటే. ఏ పడవ దగ్గర కొన్నావు, ఎక్కడ తెచ్చావు అని అడిగితే కన్నతల్లికైనా చెప్పం. చెప్తే రేపు ఆవిడే మనకన్నా ముందు రేవులో నిలబడుతుంది. ఆ అలవాటు చొప్పున, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ జవాబు రాశాను. "అది చెప్పేది కాదు. నేను ఆ ఊరి కోడల్ని. నా చేతులు ఉప్పుకి పగిలాయి. నేను చెబుతున్నాను, తీసెయ్."

తమ్ముడు వెనకాల నుంచి చదివి, "తీసెయ్యండి అనండక్కా, బాగుంటుంది," అన్నారు. అండి చేర్చాను.

ఆ పెద్దమనిషి మర్యాద చూస్తే నాకు ఒళ్ళు మండింది. "మీరన్నది నిజమే కావచ్చండి. కానీ చదివేవారు సరిచూసుకోవడానికి అచ్చులో ఏదైనా ఉండాలి. మీ అనుభవం మూలం కాదండి." మూడు వాక్యాల్లో రెండు అండీలు పెట్టి నా బతుకంతా కొట్టేశాడు.

ఈలోపు మా తోటికోడలు గంపతో సహా మా ఇంట్లో మకాం వేసింది. కింద కూర్చున్న కుర్రకారు ముక్కులు మూసుకుంటున్నారు. తమ్ముడు మొహమాటస్తులు గనక ఆ మాట అనలేక, ఉపాయం చెప్పారు. "అక్కా, ఆ వాక్యం చివర చిన్న అంకె ఉంది. నొక్కండి." నొక్కితే ఒక పుస్తకం పేరు, పేజీ నంబరు వచ్చాయి. తీరం వెంబడి పల్లెల మీద ఎవరో లెక్చరరు గారు రాసిన పుస్తకం.

మర్నాడు లైబ్రరీకి వెళ్ళి అడిగాను. "మీకేనా?" అని నన్ను కిందికీ మీదికీ చూసి ఇచ్చారు. ఒక్క పేజీ చదవడానికి నాకు ఎంతసేపు పట్టిందో చెప్పను. అందులో ఇలా ఉంది. "'చేపల్ని మూడు రాత్రులు ఇసుకలో పాతిపెడతాం సార్. నాలుగో రోజుకి అవే లేచొస్తాయి' అని ఒకామె గంప సర్దుకుంటూ నవ్వుతూ చెప్పింది. ఆ మాట నేను నమ్మలేదు. ఉప్పు సంగతి ఆ ఊళ్ళో ఎవరూ బయటపెట్టరు."

చదవగానే ఆ గొంతు ఎవరిదో నాకు తెలిసిపోయింది. ఇంటికొచ్చి అడిగాను.

"ఏమే, ఎప్పుడైనా ఒక సారు మనూరొచ్చి చేపల గురించి అడిగాడా?"

"ఆ, గొడుగేసుకుని వచ్చాడు. ఉప్పెంత, ఎన్నాళ్ళు అని ఒకటే నస. కొనడు, కదలడు."

"నువ్వేం చెప్పావు?"

"ఏదో చెప్పా. ఉన్నది చెప్పేస్తామా ఏంటి?" అని, నా మొహం చూసి ఆగింది. "ఓరి నాయనో! రాసేసుకున్నాడా?"

"రాసుకున్నాడు. నవ్వావని కూడా రాసుకున్నాడు."

"మరింకేం, అబద్ధమని రాసి పడెయ్."

అలా కుదరదని అప్పటికి నాకు కొద్దిగా బుర్రకెక్కింది. పుస్తకం రాసినాయన తప్పు చేయలేదు. ఆవిడ మాటని ఆవిడ మాటగానే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాడు, నమ్మలేదనీ చెప్పాడు. దాన్ని నెట్‌లోకి ఎక్కించినవారెవరో గుర్తులు రాల్చేసి, నవ్వు రాల్చేసి, ఇసుక ఒక్కటే ఉంచారు. చర్చ పేజీలో ఆ సంగతే రాసి, పుస్తకంలోని మాటలు దింపాను. దింపుతూ, తోటికోడలి మీద కచ్చకొద్దీ, "నవ్వుతూ" అన్నచోట "వెటకారంగా" అని పెట్టాను. మా మర్యాదస్తుడు వదిలాడా? ఆయనా ఆ పుస్తకం తెప్పించుకున్నట్టున్నాడు. "చాలా మంచి విషయం పట్టుకున్నారండి. వ్యాసం మీరే సరిచేయండి. కానీ ఉల్లేఖనలో ఒక్క అక్షరం కూడా మార్చకూడదండి. పుస్తకంలో 'నవ్వుతూ' అనే ఉంది," అన్నాడు.

సరిచేస్తుంటే మా తోటికోడలు పక్కన చేరింది. "సార్ తీసేసి బాబుగారూ అని పెట్టక్కా. ఆ లేచొస్తాయి అన్నది కూడా ఏం బాలేదు."

"మార్చకూడదే."

"నా మాట నేను మార్చుకోకూడదా?"

"అప్పుడు ఆలోచించాల్సింది."

లెక్చరరు గారి అనుమానం కూడా ఆయన మాటల్లోనే పెట్టి, చివర పుస్తకం పేరూ పేజీ నంబరూ వేశాను. ఇసుక గురించి నా సొంత మాట ఒక్కటీ రాయలేదు. రాయకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డానో నేను పెదవి కొరుక్కోవడం చూసిన తమ్ముడికే తెలుసు. ఆయనే ఆ పేజీ ప్రింటు తీసి ఇచ్చి, గంప బస్సు దాకా మోయించారు. అది ప్రేమో వాసనో నేనడగలేదు.

గుడివాడ కొట్టాయన ఆ కాయితం చదివి పగలబడి నవ్వాడట. గంప మూత తీశాడట. చేప విరిచి నోట్లో వేసుకుని, తూకానికి పెట్టమన్నాడట. ఇంతా అయ్యాక, "ఎవరమ్మా ఆ నవ్వినావిడ?" అన్నాడట.

"నేనేనండీ," అందట మా తోటికోడలు.

"ఊరుకో అమ్మా! ఇందులో నీ పేరేదీ?"

ఆవిడ సంతోషంగా ఊరెళ్ళాల్సింది పోయి, ఖాళీ గంపతో మళ్ళీ మా ఇంటికొచ్చింది. తన పేరు పెట్టించమని పట్టు.

"పుస్తకంలో నీ పేరు లేదే. లేనిది పెట్టకూడదు."

"నేను బతికే ఉన్నాగా! నన్నడగమను."

"నువ్వు మూలం కాదే."

"ఆ పెద్దమనిషిని మనూరు రమ్మనక్కా," అంది, గంప బోర్లించి దాని మీద కూర్చుంటూ. "నవ్వి చూపిస్తాను."