రాణిగారి కొలువులో తుమ్మకూడదు

ఆ రోజుల్లో, అంటే అమెరికాలోని ఈ ట్రాయ్‌లో మన మొహం ఒక్కటి కనబడితే పండగలా ఉండే డెబ్బైల చివరి రోజుల్లో, పగలంతా నాతో మాట్లాడే ప్రాణి మా వంటింటి రిఫ్రిజిరేటరొక్కటే. అది గుర్రుమంటే నేను "ఊఁ" కొట్టేదాన్ని. (ఎవరో ఒకరు కొట్టాలి కదా!) మావారు కార్ల కంపెనీలో ఇంజనీరు, ఉన్న ఒక్క కారూ పొద్దున్నే ఆయనతో వెళ్ళిపోయేది. ఇంగ్లీషు ఎమ్మే చదివానన్న గర్వం ఉండేది గానీ, నా ఇంగ్లీషు రెండొందల ఏళ్ళ కిందటి నవలల్లోది. ఓసారి కొట్లో కౌంటర్ దగ్గరావిడతో "తమ దయకు సర్వదా కృతజ్ఞురాలిని" అనే ధోరణిలో మాట్లాడితే, ఆవిడ భయపడి మేనేజర్‌ని పిలిచింది.

నడిచి వెళ్ళగలిగేది లైబ్రరీకే. అక్కడావిడ (మెడలో గొలుసుకి కళ్ళజోడు వేలాడేది కనక నాకామె గొలుసమ్మ) నేను ఒకే పాతకాలపు రచయిత్రి నవలలు మళ్ళీ మళ్ళీ తీసుకెళ్ళడం చూసి, "శనివారం మధ్యాహ్నం ఈవిడ గురించి మాకు చెప్తావా?" అంది. నన్నెవరైనా ఏదైనా అడిగి ఎన్ని నెలలైందో! ఒప్పేసుకున్నాను.

శనివారం మంచు ముంచెత్తింది. పట్టుచీర కింద స్నో బూట్లతో బయల్దేరాను. "జనం వస్తారంటావా?" అన్నారు మావారు డ్రైవ్ చేస్తూ. "రాకపోతే మీరున్నారుగా!" అన్నాను. ఆయన కారు పార్క్ చేసొస్తానని వెళ్ళారు. (వచ్చేసరికి సభ అయిపోయింది.)

హాల్లో ఖాళీ కుర్చీల మధ్య ఇద్దరే. ఊదారంగు టోపీ పెట్టుకుని స్వెట్టర్ అల్లుతున్న ఒక ముసలావిడ. చలికాలంలో కారు బ్యాటరీ కాపాడుకోవడం గురించి చెబుతారనుకుని వచ్చి, మొహమాటానికి కూర్చుండిపోయిన ఒక భారీ మనిషి. గొలుసమ్మ తలుపు దగ్గర నిలబడింది.

మొదలుపెట్టాను. ఆ రచయిత్రి తొలి నవల రహస్యంగా రాసి, పేరు లేకుండా అచ్చు వేయించింది. రాసింది ఎవరో మగవాడే అని జనం అనుకుంటుంటే ఏమీ ఎరగనట్టు విన్నది. గుట్టు బయటపడి అంత పేరొచ్చాక, తీసుకెళ్ళి ఇంగ్లండ్ రాణిగారికి గౌన్లు తొడిగే కొలువులో పెట్టారు. చుట్టూ మందీమార్బలం, మనసు విప్పి మాట్లాడ్డానికి మనిషి లేదు. "రాణిగారి ఎదుట దగ్గకూడదు, తుమ్మకూడదు" అన్నానో లేదో, నాకే తుమ్ము ముంచుకొచ్చింది. ఆ మాటన్న నోటితో ఎలా తుమ్మను? బిగబట్టాను. ముక్కు ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ముసలావిడ అల్లిక పడేసి వచ్చి నన్ను కావలించుకుంది. "అయ్యో తల్లీ, ఆవిడ కష్టం నీకింతగా తగిలిందా!"

తుమ్ము ఎటుపోయిందో, నిజం ఏడుపే వచ్చేసింది. మన ఊరు వదిలాక మావారు కాక ఇంకో మనిషి నన్ను తాకడం అదే మొదలు.

"పోలండ్ నుంచి వచ్చిన కొత్తలో మా ఆవిడా ఇంతే. కిటికీ దగ్గర్నుంచి లేచేది కాదు," అన్నాడు భారీ మనిషి, టోపీ తీసి. ఆ వెంటనే ఆత్రంగా, "ఇంతకీ ఆవిడ ఆ కొలువులోంచి బయటపడిందా?"

"పడిందండీ. మానేసి, నలభై దాటాక ప్రేమించి పెళ్ళి చేసుకుంది."

"హమ్మయ్య!" అన్నాడు.

తర్వాతి వారం నుంచి ముసలావిడ తన కారులో మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. నాకు డ్రైవింగ్ నేర్పింది, నా ఉప్మాకి ఎప్పుడూ వంక పెట్టలేదు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది.

ఇప్పుడు ట్రాయ్‌లో తెలుగు వినపడని వీధి లేదు. ఎవరో ఒకరు భోజనానికి పిలుస్తూనే ఉంటారు. నేనే మోకాళ్ళ నొప్పులని తప్పించుకుని నవల పట్టుకుని కూర్చుంటాను. "వొంటరిగా ఏం తోస్తుంది ఆంటీ?" అంటుంది పక్కింటి అమ్మాయి. మనుషుల కోసం అంతగా మొహం వాచిన ఆనాటి పిల్ల ఇదంతా చూస్తే నా చెవి మెలిపెట్టేదేమో అని, నాలో నేనే నవ్వుకుంటాను.