నక్క తెచ్చిన చెప్పు

వీధిలో అందరూ ఆమెను అట్టలమ్మ అనేవారు. చిరిగిన పుస్తకాలను కుట్టి, వాటికి అట్టలు కట్టడం ఆమె వృత్తి. ముప్పై నాలుగేళ్లుగా గ్రంథాలయాల పుస్తకాలు, ఆసుపత్రి రిజిస్టర్లు, పిల్లలు నలిపేసిన నిఘంటువులు ఆమె బల్ల మీదికి నడుము విరిగి వచ్చి, నిటారుగా నిలబడి వెళ్లిపోయేవి. ఆ బల్ల పెరటి కిటికీకి ఆనుకొని ఉండేది. వెలుతురు కోసమని ఆమె చెప్పేది. అబద్ధం కాదు గాని, వెలుతురు వీధివైపు కిటికీలో ఇంకా ఎక్కువగా వచ్చేది.

తెల్లవారుతూనే ముందు పిచ్చుకలు దిగేవి. వాటికి గింజలకంటే తగాదా ముఖ్యం. తర్వాత గువ్వల జంట, కొత్తగా కాపురం పెట్టినవాళ్లలా, ఒకదాని వెనుక ఒకటి నడుచుకుంటూ వచ్చేది. వడ్రంగిపిట్ట ఎండుకొమ్మను నాలుగు దెబ్బలు కొట్టి చూసి, బేరం కుదరనట్టు ఎగిరిపోయేది. అన్నిటికంటే చివర, గడ్డిమీద మంచు ఆరకముందే, గోడ కింది కంతలోంచి నక్క వచ్చేది.

ఇక్కడొక పిట్టకథ చెప్పక తప్పదు. మన భాష నక్కకు న్యాయం చేయలేదు. జిత్తులన్నీ దానికే అంటగట్టింది. దొంగ వినయానికి నక్క వినయమని పేరు పెట్టింది. కలిసివచ్చినవాణ్ణి "నక్క తోక తొక్కావా" అని అడగడంలో దాన్ని మెచ్చుకున్నట్టే ఉంటుంది గాని, తొక్కించుకొనేది పాపం అదే కదా! అట్టలమ్మ చూసిన నక్కకు జిత్తులేవీ ఉన్నట్టు లేవు. నీళ్ల మూకుడు ముందు నిలబడి, ఒకసారి కిటికీవైపు చూసి, ఆ తర్వాతే మూతి పెట్టేది. అడిగి తాగే అతిథులు మనుషుల్లోనే అరుదు.

ఇక ఆ గోడ సంగతి. దానికి అవతల ఉన్నది ఆమె అక్క ఇల్లు. ఒకప్పుడు రెండిళ్లకూ ఒకటే పెరడు. అక్క ఇంట్లో తల్లి ప్రాణం పోయిన రోజున, ఒప్పుకున్న పని ముగించుకొని అట్టలమ్మ వెళ్లేసరికి గంట ఆలస్యమైంది. అక్క గుమ్మంలోనే నిలబడి, "నీకు పుస్తకాలే అమ్మ. ఇప్పుడెందుకొచ్చావే?" అంది. మాట అన్నది అక్క. గోడ కట్టించింది చెల్లెలు. తొమ్మిదేళ్లయింది. మాటను మరిచిపోదామని ఆమె ఎన్నిసార్లు అనుకున్నా, కిటికీ తెరవగానే గోడ కనిపించేది.

ఆ గోడను లెక్కచేయనిది నక్క ఒక్కటే. దాని పాదాలకు ఎర్రమట్టి అంటుకొని ఉంటే, అక్క కొత్తగా మొక్కలు నాటిందని అట్టలమ్మ గ్రహించేది. తడికాళ్లతో వస్తే, వాటికి అప్పుడే నీళ్లు పోసిందని. అక్క కబురు ఆమెకు అందేది ఆ నాలుగు కాళ్లమీదనే.

ఒక ఉదయం నక్క చెప్పొకటి కరచుకొని వచ్చింది. కాసేపు దాన్ని ఎగరేసి ఆడుకొని, పొదకింద వదిలేసి, నీళ్లు తాగి వెళ్లిపోయింది. అట్టలమ్మ పోయి తీసి చూసింది. ఆడమనిషి కుడికాలి చెప్పు. మడమ దగ్గర బయటి అంచు ఒక్కటే పూర్తిగా అరిగింది. నలిగిన పుటలు చూసి, చదివినవాళ్లు ఎక్కడ ఆగిపోయారో చెప్పగల మనిషికి ఆ అరుగుదల చదవడం ఎంతసేపు? అక్క కుంటుతోంది. ఎప్పటినుంచో? ఎవరితో చెప్పుకుందో?

తెగిన పట్టీని ముదురెరుపు మైనపు దారంతో కుట్టి ఉంది. ఆ కుట్టు దగ్గర అట్టలమ్మ వేళ్లు ఆగిపోయాయి. ఆ దారం ఏ అంగడిలోనూ దొరకదు. తానే రంగువేసి, మైనం పట్టించి, ఉండలు చుట్టుకుంటుంది. గోడ లేని రోజుల్లో ఒక ఉండ అక్కకు ఇచ్చింది. అక్క దాన్ని పారేయలేదన్నమాట.

ఆ రోజు ఆమె పుస్తకాలు ముట్టలేదు. అట్టలకు వాడే తోలు కోసి, అరిగిన అంచుకు పొరమీద పొర అంటించి, పైన ఇనుప బరువు పెట్టింది.

మర్నాడు పొద్దున్నే తాపీమేస్త్రీ వచ్చి తలుపు తట్టాడు.

"అమ్మా, గోడ కింద కంత పూడ్చేస్తానండీ. పక్కింటి పెద్దమ్మగారు పిలిచారు. నక్క చెప్పులెత్తుకుపోతోందట."

ఆ కాస్త దారీ పోతే ఇక మిగిలేదేమిటి? అట్టలమ్మ పైకి మాత్రం, "ఒక్క చెప్పే కదా!" అంది.

"మీకెలా తెలుసండీ?"

"పూడ్చదలుచుకుంటే పూడ్చుకోమను. నన్నడగడమెందుకు?"

"నేనూ అదే అన్నానండీ. ఆవిడ ఒప్పుకుంటేగా! 'ముందు వెళ్లి దాన్ని అడుగు. రోజూ పొద్దున్నే ఆ నక్కకోసం కిటికీలో కూచుంటుంది. పోయినవారం రెండు రోజులు కూచోలేదు, ఒంట్లో ఎలా ఉందో కూడా కనుక్కో' అన్నారు. మేడమీంచి అంతా కనిపిస్తుందట."

పోయినవారం రెండు రోజులు జ్వరమే. తాను లేచిందో లేదో చూసేవాళ్లు ఎవరూ లేరని, ముసుగుతన్ని పడుకొని ఆమె ఏడ్చిన జ్వరం.

"ఇంతకీ ఏం చెయ్యమంటారమ్మా? సిమెంటు కలిపానంటే నా మాట వినదు, గట్టిపడిపోతుంది."

"కలపకు. కూర్చో. మేం మాట్లాడుకొని చెబుతాం."

"మేమంటే ఎవరండీ? ఇక్కడ మీరొక్కరే కదా!"

ఆమె బరువు కిందినుంచి చెప్పు తీసి, కొంగుతో తుడిచి, వీధిలోకి నడిచింది. నక్కకైతే కంతలోంచి ఒక్క దూకు. ఆమెకు గోడ చుట్టూ తిరిగి నలభై అడుగులు. ఆ నలభైలో రెండుసార్లు ఆగింది.

తలుపు కొట్టింది.

"ఎవరూ?"

"నేనే, అక్కా."

వెనుదిరుగుదామా అనుకొంది. అప్పుడు లోపల అడుగులు మొదలయ్యాయి. ఒకటి టప్పుమంటూ, ఒకటి ఈడ్చినట్టుగా మెత్తగా. ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు. అడుగులు తలుపు అవతల ఆగిపోయాయి.

"ఆ చెప్పు ఇచ్చి పోదామని వచ్చావా?"

చెప్పాలనుకొన్నవి తొమ్మిదేళ్లవి ఉన్నాయి. అట్టలమ్మ నోట ఒక్కటే వచ్చింది.

"కాలికేమయిందే, అక్కా?"

గొళ్లెం మీద చెయ్యి పడిన చప్పుడు వినిపించింది. తలుపు ఇంకా తెరుచుకోలేదు. అట్టలమ్మ వంగి, చెప్పును గడప ముందు, కాలు పెట్టుకోవడానికి వీలుగా తిప్పి పెట్టింది.