కాంటెస్సా హీటరు, చౌడమ్మ పొట్టేలు

కట్టంగూరులో కారు హీటరు పాడైందని ఎవరైనా అంటే జనం నవ్వుతారు. నవ్వరా మరి? రోహిణి కార్తెలో రోళ్లు పగిలే నేల ఇది. ఇక్కడ కారుకు ఏసీ ఉండాలి, అందులో గ్యాసు నిండా ఉండాలి, అంతే. హీటరు కారితే హైవే మెకానిక్కులంతా చేసే పని ఒకటే. ఇంజను దగ్గర హీటరుకు పోయే రెండు పైపులనూ ఒకదానికొకటి కలిపి, క్లిప్పులు బిగించి, బండిని పంపించేస్తారు. గుర్వయ్య కూడా ముప్పై ఏళ్లుగా అదే చేశాడు. ఒక్కరంటే ఒక్కరు తిరిగొచ్చి, నా హీటరు ఏదిరా అని అడగలేదు.

ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, అడిగేవాడు ఒకడు దేవరకొండ నుంచి వచ్చాడు. పేరు రాంచందర్. బస్సు డిపోలో మేనేజరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనకో పాత కాంటెస్సా కారు ఉంది, దాన్ని కన్నబిడ్డలా చూసుకుంటాడు. ఎడమ పక్క కాళ్లు పెట్టుకునే చోట కార్పెట్టు తడిసిపోతోందని, ముందు అద్దానికి లోపలి నుంచి జిగట పొగ పడుతోందని చెప్పాడు. గుర్వయ్య కార్పెట్టు మీద వేలు రాసి వాసన చూశాడు. బెల్లం పాకంలా తియ్యటి వాసన.

"హీటర్ కోర్ పోయింది సార్. బయట పైపులు కలిపేస్త. చాయ్ తాగొచ్చేలోపట అయిపోతది."

"కలుపుడు వద్దు గుర్వయ్యా. కొత్తది తెచ్చిన. పాతది తీసి ఇది పెట్టు. బండిల ఏ సామాను ఉన్నదో ఆ సామాను ఉండాలె."

"మన నల్గొండ జిల్లాల హీటర్ ఏం జేసుకుంటరు సార్?"

"చలికాలం పొద్దుగాల అమ్రాబాద్ దిక్కు పోతుంట. నువ్వొకసారి వచ్చి చూడు, పండ్లు గొడతయి."

డ్యాష్‌బోర్డు మొత్తం విప్పితే తప్ప ఆ సామాను కంటికి కూడా కనపడదు. పైగా అదే పెట్టెలో ఏసీ కూలింగ్ కాయిల్ దాన్ని ఆనుకుని ఉంటుంది. అయినా గుర్వయ్య ఒప్పుకున్నాడు. తాగుడు మానేశాక ఆయనకు ఓపిక గల పనులంటే ఇష్టం పుట్టింది.

ఆ తాగుడు సంగతి చెప్పకుండా గుర్వయ్య బతుకు చెప్పడం కుదరదు. గొల్లవారింట పుట్టినవాడు గొర్ల వెంట పోవాలి కదా, ఈయన లారీల వెంట పోయాడు. చిన్నప్పుడు మంద చెలకలో పడి మేస్తుంటే ఈయన హైవే మీద ఆగిన లారీ కింద దూరి చూస్తుండేవాడట. వాళ్ల నాయిన ఎన్ని దెబ్బలు కొట్టినా ఆ పిచ్చి పోలేదు. లారీ మెకానిక్కు దగ్గర పని నేర్చుకున్నాడు, సొంతంగా రేకుల షెడ్డు వేసుకున్నాడు, లారీ డ్రైవర్లతో పాటు సీసా కూడా అలవాటు చేసుకున్నాడు. గొర్ల కాపరితనం భార్య సైదమ్మ నెత్తిన పడింది. తెలంగాణ వచ్చాక సర్కారు ఇచ్చిన గొర్లను ఆమే పెంచింది, ఆమే మేపింది. మొగుణ్ణి కూడా దాదాపు అలాగే కాసింది, కాకపోతే గొర్లు మాట వినేవి.

పోయినేడు ఒకరోజు గుర్వయ్య తాగిన మైకంలో ఒక కారు చక్రం బోల్టులు సరిగా బిగించకుండా పంపాడు. ఊరు దాటకముందే ఆ చక్రం ఊడి చెలకలోకి దొర్లింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ సైదమ్మ ఆ సాయంత్రమే మందలో మంచి పొట్టేలును తెచ్చి, నుదుట పసుపు బొట్టు పెట్టి, మెడకు గంట కట్టి మొక్కుకుంది. వచ్చే పెద్దగట్టు జాతర దాకా నా పెనిమిటి సీసా ముట్టకుంటే ఈ పొట్టేలు నీదే చౌడమ్మ తల్లీ అని. గుర్వయ్య చేత పొట్టేలు తల మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించింది. పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి వస్తుంది. ఇప్పుడు దానికి నెల కూడా లేదు. ఒట్టు నిలబడింది. ఊరు ముక్కున వేలేసుకుంది. అయితే జాతర మరునాడు సంగతేమిటన్నది గుర్వయ్యను ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. మనసులో మాత్రం ఆ రోజు కోసమే కాచుకొని ఉన్నాడు.

దేవుని పేరున విడిచిన పొట్టేలును ఎవరూ అదిలించరు. ఆ ధీమాతో అది ఊరంతా తిరిగేది, పూలమొక్కలు మేసేది, మధ్యాహ్నానికి షెడ్డులో నీడ పట్టున పడుకునేది. ఆ రోజూ అట్లాగే వచ్చింది.

గుర్వయ్య ముందుగా రేడియేటర్ నీళ్లు బేసినులోకి వదిలాడు. ఇక్కడి పాత కార్లలో ఉండేది ఉత్త బోరు నీళ్లు. దించిన నీళ్లు అట్లా బేసినులో ఉంచితే మేకలో కుక్కలో తాగి వెళ్తాయి, ఏమీ కాదు. నీళ్లకు మొహం వాచిన ప్రాంతంలో ఎవరూ పారబోయరు కూడా. కానీ రాంచందర్ కారు అందరి కార్ల వంటిదా? అందులోంచి నీళ్లకు బదులు పోసే పచ్చటి కూలెంటు మందు దిగింది. మళ్లీ పోయడానికి పనికొస్తుందని గుర్వయ్య బేసినును పక్కకు జరిపి డ్యాష్‌బోర్డు పనిలో పడ్డాడు.

సీట్లు దించాడు. డ్యాష్‌బోర్డు విప్పి బయట గోనెసంచుల మీద పరిచాడు. ఏసీ పైపులు విప్పితే గ్యాసంతా పోతుంది కాబట్టి వాటి జోలికి పోకుండా, కూలింగ్ కాయిల్‌ను బట్టలో చుట్టి పక్కకు ఒదిగించి తీగతో కట్టాడు. దాని వెనక కనపడింది అసలు దొంగ, అరచేయంత వెడల్పున్న చిన్న రేడియేటర్, అంచున చిలుము పట్టి కారుతూ. దాన్ని లాగి బయటపెట్టేసరికి మధ్యాహ్నమైంది. సైదమ్మ రొట్టె మూట పట్టుకొని వచ్చింది.

వచ్చినామె లోపలికి రాకుండా గడపలోనే ఆగిపోయింది. పొట్టేలు నిలబడలేక తూలుతోంది. రెండడుగులు వేసి టైర్ల మీద పడింది, లేచింది, మళ్లీ పడింది.

"దీనికేం తాపినవ్?" అంది సైదమ్మ.

"నేనా? నేనేం తాపుత?"

"తాగినోడి నడక నాకు తెల్వదా? ఇరవై ఏండ్లు జూసిన. షెడ్డుల సీసా యాడ దాసినవో చెప్పు. అది తాగింది గాబట్టి దొరికినవ్, లేకుంటే దొరుకుదువా?"

గుర్వయ్య నెలల తరబడి నిలబెట్టుకున్న ఒట్టు ఒక్క మాటతో బూడిదలో పోసిన పన్నీరైంది. జవాబు చెప్పబోయి పొట్టేలు మూతి చూశాడు. వెంట్రుకలకు పచ్చటి చుక్కలు అంటుకొని ఉన్నాయి. బేసిను వైపు తిరిగాడు. సగానికి పైగా ఖాళీ.

పశువుల దవాఖాన డాక్టరు స్వర్ణకు ఫోను కలిపి స్పీకరు పెట్టాడు. సంగతంతా విని ఆమె గొంతు మారింది.

"అది విషం గుర్వయ్యా. తియ్యగ ఉంటది, అందుకే తాగింది. ఇప్పుడు తూలుతది, రేపటికి మూత్రపిండాలు చెడిపోతయి. నేను బయలుదేరుతున్న. ఆలోపట బ్రాందీ గానీ విస్కీ గానీ దొరుకుతదా? సగం నీళ్లు కలిపి మెల్లగ తాపియ్యండి. ఆ విషం ఒంట్లె పని జెయ్యకుండ ఆపేది అదే."

సైదమ్మ ఫోను వంక, మొగుని వంక మార్చి మార్చి చూసింది. "డాక్టరమ్మ గూడ నీ దిక్కేనా?" అంది.

"మేడం, జర మా ఇంటిదానికి మళ్లొకసారి చెప్పుండ్రి," అన్నాడు గుర్వయ్య. డాక్టరు మళ్లీ చెప్పింది. సైదమ్మ కొంగు బిగించింది.

"నువ్వు కదలకు. నేనే పోత."

ఎల్లస్వామి కిరాణా దుకాణంలో ఉప్పు, పప్పుతో పాటు చాటుగా సీసాలు కూడా దొరుకుతాయి. సైదమ్మ అంతకుముందు ఆ దుకాణం ముందు నిలబడింది ఒక్కసారే, అదీ చేతిలో చీపురు పట్టుకొని. ఇప్పుడు ఆమె సీసా అడిగేసరికి ఎల్లస్వామి గల్లా వెనక నుంచి లేచి నిలబడ్డాడట. "ఏందక్కా, గుర్వన్న ఒట్టు తీరిందా?" అన్నాడట. "పొట్టేలుకు," అని చెప్పి వచ్చేసింది. ఎల్లస్వామి నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి ఊరంతా ఏమనుకుంటుందో ఆమెకు తెలుసు.

గుర్వయ్య పొట్టేలును కాళ్ల మధ్య ఇరికించి తల ఎత్తి పట్టుకున్నాడు. సైదమ్మ గొర్లకు మందు పోసే వెదురు గొట్టంతో కొంచెం కొంచెంగా పోసింది. డాక్టరు స్కూటీ మీద వచ్చి మెడ నరానికి సెలైను ఎక్కించింది.

"మళ్ల రెండు మూడుసార్లు తాపాలె. ఇది మంచిగ మూత్రం పోసిందంటే బతికినట్టే. పొయ్యకుంటే మాత్రం ఆశ పెట్టుకోవద్దు," అంది. పసుపు బొట్టు చూసి అడిగింది. "జాతరకు విడిచిందా? వచ్చే నెల కోసేదాని కోసం ఇంత గోసనా అమ్మా?"

"తల్లి సొమ్ము మేడం. తల్లి అడిగితే ఇస్తం. మా తప్పుకు పోతే తల్లికేం మొఖం చూపిస్తం?" అంది సైదమ్మ.

డాక్టరు వెళ్లిపోయింది. దొడ్డిలో గొర్లు ఆకలికి అరుస్తున్నాయి. సైదమ్మ పోక తప్పదు. మళ్లీ తాపడానికి సీసా ఇక్కడే ఉండాలి. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే అని ఆమెకు తెలియదా? అయినా ఆ సీసాను పొట్టేలు పక్కన పెట్టి వెళ్లింది.

గుర్వయ్య పనిలో తల దూర్చాడు. కొత్త కోరును పెట్టెలో కూర్చోబెట్టాడు. గాలి పక్కలకు పోకుండా చుట్టూ స్పాంజి పట్టీ అంటించాడు. కూలింగ్ కాయిల్‌ను పైపు వంగకుండా మెల్లగా దాని జాగాలోకి జరిపి పెట్టె మూసి బిగించాడు. చేతులు పనిలోనే ఉన్నాయి, ముక్కు మాత్రం సీసా దగ్గర ఉంది. రెండోసారి తాపే వేళకు మూత తీశాడు. ఆ వాసనకు నోట్లో నీళ్లూరాయి. గొంతు నుంచి కడుపు దాకా పాత దారి ఒకటి తెరుచుకున్నట్టయింది. ఒక్క గుటక. ఎవరు చూస్తారు? పొట్టేలు చెబుతుందా?

పొట్టేలుకు పోయాల్సింది పోశాడు. మూత పెట్టాడు. ఫోను తీసి సైదమ్మతో "జల్ది రా" అని మాత్రం అన్నాడు.

సైదమ్మ మందను రోడ్డు పక్క చెలకలోనే వదిలి పరుగున వచ్చింది. "పోయిందా?" అంది, రొప్పుతూ.

"అది మంచిగనే ఉన్నది. నాకే బాగలేదు. ఈ సీసా నువ్వు పట్టుకో." గుర్వయ్య తల ఎత్తలేదు. "జాతర ఎప్పుడు దాటుతదా అని చూస్తున్న సైదమ్మా. ఊరు మెచ్చుకుంటుంటే నవ్విన గని, మనసుల అదే ఉన్నది. ఇయ్యాల దీనితోటి ఒక్కన్ని కూసోలేను. భయమైతాంది."

సైదమ్మ సీసా తీసుకొని నడుములో దోపుకుంది. వస్తూ గోడకు ఆనించిన గొర్ల కర్ర తెచ్చి మొగుని చేతిలో పెట్టింది.

"ఈడ నేను కూసుంట. గొర్ల కాడికి నువ్వు పో."

చిన్నప్పుడు పారిపోయిన పనికి గుర్వయ్య ఆ రోజు గ్రీజు చేతులతో వెళ్లాడు. ఆయన అటు పోయాడో లేదో రాంచందర్ కారు చూసుకోవడానికి వచ్చాడు. ఆయన ముద్దుల కాంటెస్సా పేగులు బయట పెట్టుకొని ఉంది, పక్కన ఒక పొట్టేలు, దాని పక్కన నడుములో బ్రాందీ సీసాతో ఒక ఆడమనిషి. మెకానిక్కు ఏడని అడిగితే "గొర్ల కాడికి పోయిండు" అంది. పెద్దమనిషి పాపం ఇంకేమీ అడగకుండా మరో స్టూలు వేసుకొని కూర్చున్నాడు.

కారు పని తర్వాత సవ్యంగానే ముగిసింది. డ్యాష్‌బోర్డు ఎక్కింది, కొత్త కూలెంటు పడింది, ఒక మీట తిప్పితే చల్లగాలి, ఇంకో మీట తిప్పితే వేడిగాలి వచ్చాయి. గుర్వయ్య బతుకులో అది మొదటి హీటరు. అయినా ఆయన్ను అడిగితే హీటరు ముచ్చట చెప్పడు, ఆ సాయంత్రం ముచ్చట చెబుతాడు.

పొద్దు వాలుతుండగా చెలకలో ఫోను మోగింది.

"పోసింది," అంది సైదమ్మ. "షెడ్డంత పోసింది. రాంచందర్ సారు బూట్ల మీద గూడ పోసింది."

గుర్వయ్య ఉన్నచోటనే కూలబడ్డాడు. ఏడుపు వచ్చింది. గొర్లే కదా చూసేది అని ఏడ్చాడు.

"ఇనవడ్తాందా? డాక్టరమ్మకు ఫోన్ జేసిన. ఒంట్లె విషం తిరిగింది గద, ఈ జాతరకు దీన్ని కొయ్యొద్దు, తినొద్దు అన్నది. తల్లికి వేరేది ఇస్తనంటే నా మనసు ఒప్పుతలేదు. దీని మీదనే గద నువ్వు ఒట్టేసింది. వచ్చే జాతరకు దీన్నే ఇస్తం."

"ఇంకో రెండేండ్లా?" అన్నాడు గుర్వయ్య.

"ఇంకో రెండేండ్లు. భయమైతాందా?"

"అయితాంది."

"నాకు గూడ అయితాంది. గొర్లను తోలుకరా, పొద్దుగూకుతాంది," అని సైదమ్మ ఫోను పెట్టేసింది.