పెట్టెలో రమణన్న

కువైట్‌లో, సల్వాలోని ఒక ఇంట్లో నేను పనికి చేరిన కొత్తలో, మేం 'మామా' అని పిలిచే యజమానురాలికి లండన్ నుంచి చుట్టాలొచ్చారు. వాళ్ల కోసం మామా ఊరి బయట కబ్ద్‌లో ఉన్న తన తోటలో హాలోవీన్ పార్టీ పెట్టింది. దయ్యాల వేషాలు వేసి భయపెట్టుకునే సరదా అని నాకు తెలియదు.

సాయంత్రం జ్యూసులు తీసుకుని గుడారంలోకి వెళ్లాను. లోపల పొడవాటి చెక్కపెట్టె. అందులో మా డ్రైవరు రమణన్న! మావి రాయచోటి దగ్గర పక్కపక్క ఊళ్లు. అతని ముఖం సున్నం కొట్టినట్టుంది. కదలడం లేదు. ఇక్కడ పోయినవాళ్లను ఊరికి పంపేది అలాంటి పెట్టెలోనే. చేతిలో ట్రే జారిపోయింది.

"పొద్దన గూడా బాగుంటివే అన్నా! వదినకు నేనేమని చెప్పేది?" అని గుండెలు బాదుకున్నాను.

చుట్టాలు చప్పట్లు కొట్టారు. ఫోన్లలో వీడియో తీశారు.

రమణన్న ఒక కన్ను తెరిచాడు.

"ఏడ్సొద్దు మ్మే, బాగనే ఉండా. మామా ఇంగా లెయ్యమన్లేదు" అన్నాడు గుసగుసగా.

ఇప్పటికీ అతను కారులో కునుకు తీస్తుంటే, పనేమీ లేకపోయినా పిలిచి లేపుతాను. విసుక్కుంటూ నాలుగు తిడతాడు. ఆ తిట్లు విన్నాకే లోపలికి వెళ్తాను.